తిరిగి ఇచ్చాడా, మళ్ళీ ఇచ్చాడా?

(తెలుగు భాషా దినోత్సవం సందర్భంగా విశాఖపట్నంలో ఒక గ్రంథాలయంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్న పెద్దలకి వినిపించకపోతే చెయ్యెత్తండి, మైకు ఇంకొంచెం దగ్గరికి లాక్కుంటాను.

అధ్యక్షులవారు నన్ను పరిచయం చేస్తూ భాషావేత్త అన్నారు. అంత లేదండీ. నేను అనువాదాలు చేసుకుని బతికేవాణ్ణి. పేజీకి ఇంత అని మాట్లాడుకుని అగ్రిమెంట్లు, కోర్టు కాగితాలు తెలుగు చేస్తాను. ఈ మధ్య పేజీలు కూడా పోయాయి, వాక్యానికి ఇంత. ఫోన్లో మీకు టింగుమని మెసేజ్‌లు వస్తాయి చూడండి, అలాంటివన్నమాట. మీరు రోజూ తిట్టుకునే తెలుగు ఉంది కదా, దాన్ని రాసేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. (నవ్వులు)

ఇవాళ ఒకే ఒక్క ఇంగ్లీషు క్రియ పట్టుకుని మాట్లాడతాను. రీడెలివర్. చూడ్డానికి ఏముంది, డెలివర్ అంటే అందించడం, ముందు 'రీ' ఉంది కాబట్టి మళ్ళీ అందించడం. అయిపోయింది, కాఫీ తాగి వెళ్ళిపోవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. మా అమ్మ ఫోన్ చేసేదాకా.

అమ్మ ఊళ్ళో ఒక్కతే ఉంటుంది. బీపీ మాత్రలు నేను ఇక్కణ్ణుంచి ఆర్డర్ పెడతాను, అవి అక్కడికి చేరతాయి. ఒక శనివారం డెలివరీ అబ్బాయి వచ్చేసరికి ఆవిడ గుడికి వెళ్ళింది, తలుపు తాళం. సాయంత్రం నాకు ఫోను. "ఒరే, నా మాత్రలు వెనక్కి పోయాయిరా. డబ్బులు కట్టావా లేదా?" కట్టానమ్మా అంటే, "మరి ఇలా వచ్చిందేంటి?" అని అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. 'మీ ఆర్డర్ రేపు తిరిగి పంపిణీ చేయబడుతుంది.' ఆవిడకి అర్థమైంది ఏమిటంటే, తిరిగి పంపుతున్నారు. అంటే వచ్చినచోటికే పంపేస్తున్నారు. ఆ రాత్రంతా టెన్షన్ పడి, మిగిలిన రెండు మాత్రల్ని సగాలు చేసుకోవాలా అని ఆలోచించిందట.

మర్నాడు పొద్దున్న ఆ అబ్బాయి ఫోన్ చేశాడు. "మామ్మగారూ, నిన్న వచ్చానండి, తాళం వేసి ఉంది. పదకొండింటికి మళ్ళీ తెస్తాను, ఇంట్లోనే ఉండండి." అంతే. ఆవిడకి ఒక్క అనుమానం రాలేదు. ఆ అబ్బాయి అన్న మాట చూడండి. పంపిణీ లేదు, చేయబడటం లేదు. 'మళ్ళీ తెస్తాను.' తెచ్చు అనే క్రియలోనే దిక్కు ఉంది, వస్తువు వినేవాళ్ళ వైపు వస్తోందని. 'మళ్ళీ' పక్కన చేరగానే రెండోసారి అని ఖాయమైంది. నిఘంటువు ముందేసుకుని మాలో ఒకరు రాసిన వాక్యం ఆవిణ్ణి ఏడిపించింది. బండి మీద వెళుతూ అతనన్న మాట నిలబెట్టింది.

అప్పుడు మొదలైంది నాకు ఈ పిచ్చి. తిరిగి అంటే ఏమిటి, మళ్ళీ అంటే ఏమిటి?

మీరంతా ఒక్కసారి మనసులో రెండు వాక్యాలు అనుకోండి. 'పుస్తకం తిరిగి ఇచ్చాడు.' 'పుస్తకం మళ్ళీ ఇచ్చాడు.' మొదటిదాంట్లో పుస్తకం సొంతదారు చేతికి చేరింది. రెండోదాంట్లో సొంతదారే ఇంకోసారి అరువిచ్చాడు. పుస్తకం ఒకటే, క్రియ ఒకటే, చేతులు మాత్రం అటువి ఇటు అయ్యాయి. సరే, అయితే తిరిగి అంటే వెనక్కి, మళ్ళీ అంటే ఇంకోసారి అని రాసేసుకుందామా? కుదరదు. 'ఆయన తిరిగి ఎన్నికయ్యారు' అని పేపర్లో చదువుతాం. అక్కడ వెనక్కి ఏమీ లేదు, ఇంకోసారి అనే. 'పనులు తిరిగి మొదలయ్యాయి', ఇదీ అంతే.

నాకు తోచిన లెక్క చెబుతాను, తప్పయితే దిద్దండి. ఇవ్వడం, పంపడం, రావడం, తీసుకోవడం లాంటి క్రియలకి ఒక దిక్కు ఉంటుంది, ఇక్కణ్ణుంచి అక్కడికి అని. వాటి పక్కన 'తిరిగి' పెడితే ఆ దిక్కే తిరుగుతుంది. దిక్కు లేని క్రియల పక్కన పెడితే తిరగడానికి ఏమీ దొరక్క, పని మొత్తం ఇంకోసారి జరుగుతుంది. ఒక్క ఉదాహరణ చాలు. 'ఇల్లు తిరిగి కట్టాడు.' 'అప్పు తిరిగి కట్టాడు.' ఇల్లయితే పడిపోయినదాన్ని రెండోసారి లేపాడు. అప్పయితే తెచ్చినచోట చెల్లించాడు. కట్టడం అనే మాట మారలేదు, తిరిగి అనేదీ మారలేదు. అప్పుకి ఇచ్చినవాడొకడు ఉన్నాడు, వాడి వైపు దిక్కు ఉంది. ఇంటికి లేదు. (ఒక శ్రోత: బ్యాంకు అప్పుతో కట్టిన ఇల్లయితే?) (నవ్వులు) అయ్యా, అప్పుడు రెండూ తిరిగి కట్టాల్సిందే!

ఇంకో తమాషా. అసలు ఈ మాటలు ఎక్కణ్ణుంచి వచ్చాయి? తిరిగి, తిరుగు నుంచి. మళ్ళీ, మళ్ళు నుంచి. మలుపు దగ్గర మళ్ళడం, కాలవ నీళ్ళు మళ్ళించడం, ఆ మళ్ళే. పాత పుస్తకాల్లో కనిపించే మరల, మరలు నుంచి. మూడింటికీ అర్థం ఒకటే, ఒక వైపు నుంచి ఇంకో వైపుకి తిరగడం. మనవాళ్ళకి 'ఇంకోసారి' అనే ఊహ రావాలంటే ముందు ఒక మనిషి దారి మధ్యలో ఆగి, వెనక్కి తిరిగి, నడిచి రావాలి. మన ఒక్క భాషే కాదు. తమిళంలో 'తిరుంబ' అన్నా, కన్నడంలో 'మరళి' అన్నా ఇదే కథ. ఈ కుటుంబంలో అందరూ వీధి మలుపు తిరిగి వచ్చి తలుపు తట్టినవాళ్ళే. అందుకే వెనక్కి, ఇంకోసారి అనే రెండు అర్థాలూ ఈ మాటల్లో కలిసి కాపురం చేస్తున్నాయి. ఇంగ్లీషు 'రీ'లోనూ ఆ రెండూ ఉన్నాయి కాబట్టి, ఆ కంగాళీ ఈ కంగాళీ కలిసి మా అమ్మ బీపీ పెంచాయి.

సంస్కృతం తెచ్చుకుంటే తేలిపోతుందని కొందరు మిత్రులంటారు. పునః అంటే ఇంకోసారి, ప్రతి అంటే ఎదురుగా, కాబట్టి రెండు మాటలు చేసుకుంటే సరి అని. వినాయక చవితి నిమజ్జనం రోజు ఉద్వాసన చెబుతూ 'పునరాగమనాయ చ' అంటాం కదా. అది మళ్ళీ రమ్మనా, తిరిగి రమ్మనా? స్వామి వెళ్ళినవాడు వెనక్కి రావాలి, అది వచ్చే ఏడు ఇంకోసారి జరగాలి. అక్కడా రెండూ కలిసే ఉన్నాయి. దేవుడి దగ్గర ఎవరికీ ఇబ్బంది లేదు. మందుల పార్సెల్ దగ్గరే ఇబ్బంది.

డెలివర్ అనే రెండో సగం సంగతి చూద్దాం. దీనికి మనం వాడే మాటల్లో పాతది బట్వాడా. మా నాన్న తపాలా శాఖలో చేశారు, మా ఇంట్లో ఈ మాట ఉప్పు, పప్పులాంటిది. ఉత్తరాల బట్వాడా. కొన్ని ఆఫీసుల్లో జీతాల బట్వాడా అని కూడా అనేవారు. మరాఠీలో, కన్నడంలో కూడా ఇది ఉంది. హిందీలో దీని చుట్టం బంట్వారా అంటే పంపకం. అంటే దీని లోపల ఉన్నది పంచడం, ఒక మూటలోంచి తీసి పదిమందికి ఇవ్వడం. పంపిణీ కూడా అంతే. పింఛన్ల పంపిణీ, బియ్యం పంపిణీ, పుస్తకాల పంపిణీ. ఒకటో తారీకున ఊరందరికీ జరిగేదాన్ని పంపిణీ అంటాం. ఒక ముసలావిడకి ఒక మాత్రల అట్ట ఇవ్వడం పంపిణీ ఎలా అవుతుందండీ? ఆఫీసు వైపు నిలబడి చూస్తే పంపిణీ, గుమ్మం వైపు నిలబడి చూస్తే తెచ్చి ఇవ్వడం. మెసేజ్ చదివేది గుమ్మం వైపు మనిషి.

ఇక డెలివరీ అనే మాట. 'మా కోడలికి డెలివరీ అయింది' అంటే ఎవరూ ఏం వచ్చింది ఆన్‌లైన్లో అని అడగరు. (నవ్వులు) ఒక యాప్ పని చేసినప్పుడు 'రెండో డెలివరీ' అని రాసి, చదువుకుని, నేనే కొట్టేశాను. అది కాన్పు అయిపోయింది.

నాన్న దగ్గర నేను నేర్చుకున్న తేడా ఒకటుంది. ఆయన 'తిరిగొచ్చిన ఉత్తరం' అంటే ఒకటి, 'మళ్ళీ వచ్చిన ఉత్తరం' అంటే ఇంకొకటి. ఇంట్లో ఎవరూ లేకపోతే కవరు మీద ఇంగ్లీషులో 'డోర్ లాక్డ్' అని రాసి, తేదీ వేసి, పొట్టి సంతకం పెట్టేవారు. పక్కింట్లో చెప్పి వచ్చేవారు, 'రేపు మళ్ళీ తెస్తానని చెప్పమ్మా' అని. రిజిస్టరు కవరైతే కొన్నాళ్ళు ఆఫీసులో ఉంచుతారు, అప్పటికీ ఎవరూ తీసుకోకపోతే పంపినవాళ్ళకి తిరిగి వెళుతుంది. చూశారా, ఒకే కవరు ముందు మళ్ళీ వెళుతుంది, తరవాత తిరిగి వెళుతుంది. మళ్ళీ వెళ్ళేది తీసుకోవలసినవాడి దగ్గరికి. తిరిగి వెళ్ళేది పంపినవాడి దగ్గరికి. ఈ తేడా కోసం నాన్న ఏ వ్యాకరణమూ చదవలేదు, సైకిలు తొక్కారు.

కోర్టుల్లో ఈ కవరుకి చాలా విలువ ఉంది. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 27వ సెక్షన్ ప్రకారం, సరైన చిరునామా రాసి, తగిన చార్జీ కట్టి, రిజిస్టరు పోస్టులో నోటీసు పంపితే, మామూలుగా ఎప్పుడు అందాలో అప్పుడు అందినట్టే అనుకుంటారు. కాదు, అందలేదు అని రుజువు చేసుకునే భారం అవతలివాడిది. అందుకే ఊళ్ళో ఉండి తాళం వేసుకుని కూర్చున్నవాడి కవరు తిరిగొచ్చినా లాభం లేదు. ఆ రిజిస్టరు పోస్టు కూడా 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. నాన్న ఉంటే ఒకపూట అన్నం మానేసేవారు.

తపాలా అన్నాను కాబట్టి ఒక పక్క మాట. మన బ్రౌన్ దొర, కడపలో, మచిలీపట్నంలో, రాజమండ్రిలో ఉద్యోగం చేసి మన పద్యాలన్నీ వెతికి రాయించినాయన, 1846లో మద్రాసులో పోస్ట్‌మాస్టర్ జనరల్ అయ్యారు. పగలంతా టపా పని, తీరిక దొరికితే నిఘంటువు పని. తెలుగు మాటల్ని, తెలుగువాళ్ళ ఉత్తరాల్ని ఒకే మనిషి చూసుకున్న రోజులవి. పాత ఉత్తరాల చివర 'తిరుగు టపాలో జవాబు వ్రాయగలరు' అని ఉండేది, మీలో చాలామంది రాసే ఉంటారు. ఆ రెండు మాటల్లో ఎంత పని జరుగుతోందో. వచ్చిన దారిన, ఆలస్యం చెయ్యకుండా, నా దగ్గరికి. వాట్సాప్‌లో దీనికి సమానమైన మాట నాకు కనపడలేదు.

ఇంగ్లీషు రీడెలివర్ అసలు గట్టిగా బతికేది ఎక్కడో తెలుసా? మన కిటికీలోంచి కనిపిస్తూనే ఉంటాయి, ఓడల్లో. ఓడని అద్దెకి తీసుకునే కాగితంలో, ఇన్ని నెలలకి అని మాట్లాడుకునే టైమ్ చార్టర్‌లో, యజమాని అద్దెదారుకి ఓడ ఇవ్వడం డెలివరీ, గడువు తీరాక అద్దెదారు యజమానికి ఇవ్వడం రీడెలివరీ. ఇక్కడ 'రీ' అంటే ఇంకోసారి కాదు, పూర్తిగా వెనక్కే. మొదటిసారి నా దగ్గరికి అలాంటి కాగితం వచ్చినప్పుడు 'ఓడను మళ్ళీ అప్పగించాలి' అని రాశాను. చదివిన పోర్టు పెద్దాయన ఒకరు ఫోన్ చేసి, "ఎన్నిసార్లు అప్పగించాలి బాబూ?" అని అడిగారు. సిగ్గేసింది. 'తిరిగి అప్పగించాలి' అని దిద్దాను. నిజానికి టైమ్ చార్టర్‌లో కెప్టెనూ సిబ్బందీ యజమాని మనుషులే, ఓడ చేతులు మారదు, దాని పని మాత్రమే మారుతుంది. అయినా కాగితం భాష ఇచ్చిపుచ్చుకోవడం భాషే.

ఈ తిరిగి అప్పగించడం తొమ్మిది రోజులు ఆలస్యమైతే ఏమవుతుందో చెప్పే కేసు ఒకటుంది. ఓడ పేరు అకిలియస్. 2004 మే 2 లోపు యజమానికి అందాలి. యజమాని ఈలోగా ఇంకొకరికి రోజుకి 39,500 డాలర్లకి మాట ఇచ్చేశాడు. ఓడ అందడానికి వాళ్ళు పెట్టిన గడువు మే 8. ఓడ వచ్చింది మే 11న. ఈ మధ్యలో బజారు పడిపోయింది, కొత్త అద్దెదారు 31,500 అయితేనే తీసుకుంటానన్నాడు. యజమాని ఆ తరవాతి నెలలన్నిటి తేడా కలిపి 13 లక్షల 64 వేల డాలర్ల పైచిలుకు అడిగాడు. అద్దెదారు, కాదు, ఆలస్యమైన తొమ్మిది రోజుల బజారు తేడా మాత్రమే ఇస్తానన్నాడు, అది లక్షా 58 వేలు. లండన్‌లో, అప్పట్లో అక్కడి పై కోర్టు అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్ళింది. 2008లో అద్దెదారు పక్షాన తీర్పు వచ్చింది. తరవాతి బేరంలో యజమానికొచ్చిన నష్టాన్నంతా అద్దెదారు నెత్తిన వేసుకున్నట్టు కాదన్నారు. ఒక క్రియ ఏ రోజు పూర్తయింది అన్నదాని మీద పన్నెండు లక్షల డాలర్ల తేడా! నాకు వాక్యానికి ఎంత ఇస్తారో చెబితే మీరు నవ్వుతారు.

మన కోర్టుల్లోనూ రీడెలివరీ ఉంది. డిక్రీ అమలు చేస్తూ అమీనా, అంటే కోర్టు ఉద్యోగి, వచ్చి ఇల్లు స్వాధీనం చేయిస్తాడు. అందులో ఉన్నవాడు అసలు ఆ దావాలో పార్టీయే కాదనుకోండి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 21వ ఆర్డరు, 99వ రూలు కింద అర్జీ పెట్టుకుంటాడు, నా స్వాధీనం నాకు కావాలని. దీన్ని మన ప్లీడరు గుమాస్తాలు ఎంత చక్కగా రాస్తారో చూడండి: 'స్వాధీనం తిరిగి ఇప్పించవలసిందిగా'. ఇప్పించు! ఇచ్చేవాడు వేరు, ఇవ్వమని చెప్పేవాడు వేరు, పుచ్చుకునేవాడు వేరు. ముగ్గురినీ ఒక్క క్రియలో కూర్చోబెట్టాం. ఇంగ్లీషు దీనికి సగం వాక్యం ఖర్చు పెట్టాలి.

అప్పగించు అనే మాట దగ్గర కొంచెంసేపు ఆగుతాను, నాకు ఇష్టమైన మాట. పెళ్ళిలో అప్పగింతలు, సన్నాయివాళ్ళు కూడా గొంతు తగ్గించే ఘట్టం. పేపర్లో 'నిందితుడి అప్పగింతకు విదేశీ కోర్టు అనుమతి'. మాట అదే. (నవ్వులు) రెండుచోట్లా మనిషిని ఒక చేతిలోంచి ఇంకో చేతికి ఇచ్చి, ఇకమీదట బాధ్యత నీది అని చెప్పడం. దీని తోబుట్టువు అప్పజెప్పు. తాళాలు అప్పజెబుతాం, చార్జి అప్పజెబుతాం. చిన్నప్పుడు పాఠం అప్పజెప్పేవాళ్ళం! ఎందుకు ఆ మాట? మాస్టారు నిన్న నాకొక పద్యం ఇచ్చారు. రాత్రి నా దగ్గర దాచాను. పొద్దున్న చేతులు కట్టుకుని, ఒక్క అక్షరం పోకుండా, ఆయన చేతిలో పెట్టాను. మధ్యలో ఒక పాదం ఎగిరిపోతే బెత్తం. ఓడ కాగితాల్లో కూడా ఇదే షరతు, తీసుకున్నప్పుడు ఎంత మంచి స్థితిలో ఉందో అలాగే ఇవ్వాలి, మామూలు అరుగుదల తప్ప. మా మాస్టారు అరుగుదల కూడా ఒప్పుకునేవారు కాదు.

ఇంత వెతికాక ఒకటి గమనించాను. ఇవ్వడం, పంపడం దగ్గర నోటిభాషలో 'తిరిగి' పెద్దగా లేదు. వెనక్కి ఇచ్చెయ్, వెనక్కి పంపెయ్ అంటాం. తెలంగాణ మిత్రులు 'వాపస్ ఇచ్చిండు' అంటారు, ఫారసీ నుంచి వచ్చిన మాట, అందులో 'ఇంకోసారి' అనే కల్తీ లేదు. రెండోసారి అనాలంటే 'మల్ల ఇచ్చిండు'. ఎంత శుభ్రంగా విడిపోయాయో చూడండి. 'పుస్తకం ఇచ్చావా?' అని, 'పుస్తకం ఇచ్చేశావా?' అని అడిగి చూడండి. రెండోదాంట్లో వెనక్కి అనే మాటే లేదు, అయినా లైబ్రరీ పుస్తకం సంగతి అని పిల్లాడికి తెలిసిపోతుంది. 'ఇచ్చేశావా'లో ఆ 'ఏశా' ఉంది కదా, అది వదిలించుకున్నావా అని అడుగుతోంది. దీన్ని నేను ఏ నిఘంటువులో వెతికి రాయను?

అచ్చంగా 'ఇంకోసారి అందించు' అనడానికి తెలుగులో ఒక ముద్దొచ్చే మాట ఉంది, భోజనాల బంతిలో. మారు. 'పప్పు మారు వడ్డించండి', 'మారు అడగడానికి మొహమాటపడకండి'. విస్తరి ముందు వంగిన మనిషి, గరిటె, ఆ కూరే, ఆ విస్తరే. తిరిగి వడ్డించడం అని ఎవరైనా అంటారా? అంటే తిన్నది వెనక్కి పెడుతున్నారేమో అని భయమేస్తుంది. (నవ్వులు) మారు అనే మాట కూడా ఆ తిరుగుడు మాటల లాంటిదే, మారుమనువులో ఇంకోసారి, మారుమాటలో ఎదురు. అదీ తప్పించుకోలేదు. కానీ బంతిలో ఎవరికీ తికమక లేదు, ఎందుకంటే వడ్డించేవాడు కళ్ళెదుట నిలబడి ఉన్నాడు.

నాకు అర్థమైంది ఇదీ. ముందు 'రీ'ని తెలుగు చేద్దామని కూర్చుంటే దొరకదు. అవతలి కొసన ఎవరు నిలబడ్డారో ముందు చూడాలి. ఇచ్చినవాడే నిలబడితే తిరిగి, వెనక్కి, వాపసు, ఇచ్చెయ్. పుచ్చుకోవలసినవాడు నిలబడితే మళ్ళీ, ఇంకోసారి, మారు. మనిషి కనపడ్డాక క్రియ దానంతటదే వస్తుంది.

చీటీ వచ్చింది, అయిదు నిమిషాలట. సరే, ఒక్కటి చెప్పి దిగిపోతాను. అమ్మ సంగతి జరిగిన రెండు నెలలకి ఒక కంపెనీ నుంచి నాకు పని వచ్చింది. మందుల కంపెనీ కాదు, వేరేది. వందకు పైగా వాక్యాలు, ముప్ఫై ఏడోది రీడెలివరీ మెసేజ్. రెండు నిమిషాలు కూడా ఆలోచించలేదు. 'మీరు ఇంట్లో లేరు. రేపు మళ్ళీ తెస్తాం' అని రాసి పంపాను. తిరిగొచ్చింది. 'ఇది మరీ మాట్లాడినట్టు ఉంది, గౌరవంగా లేదు' అని పక్కన గులాబీ రంగులో రాశారు. 'తెస్తామండి' అని 'అండి' చేర్చి మళ్ళీ పంపాను. తిరిగొచ్చింది. 'పంపిణీ' అనే మాట వాడమన్నారు, వాళ్ళ పదాల పట్టికలో అదే ఉందట. మా అమ్మ కథ మొత్తం ఇంగ్లీషులో రాసి, అదే వాక్యం మళ్ళీ పంపాను. మళ్ళీ తిరిగొచ్చింది, ఈసారి ఏమీ రాయకుండా. మొన్న మంగళవారం నాలుగోసారి పంపాను. ఇవాళ పొద్దున్న బయల్దేరేటప్పటికి ఇంకా తిరిగి రాలేదు.

నమస్కారం.